జవాబుల కాయితం

పన్నెండు?
సి.
పదమూడు?
ఆగమ్మా, ఆలోచిస్తున్నా.

రాత్రి పదకొండు. హైఫాంగ్‌లో
మా వీధి షట్టర్లన్నీ దిగిపోయాక
రేపటి పులుసుకి పొలం పీతలు దంచుతూ నేను,
బోర్లించిన ప్లాస్టిక్ బుట్ట మీద పుస్తకంతో ఖ్వే.
జూన్‌లో పదో తరగతికి ప్రవేశ పరీక్ష.
లెక్కలు సరే, సాహిత్యం సరే,
ఇంగ్లీషు దగ్గరే దాని పడవ ఇసుకలో దిగబడుతుంది.

నాకు ఇంగ్లీషు రాదు.
ఏ, బి, సి, డి వస్తాయి, అంతే.
ప్రశ్నలు దాని దగ్గర, జవాబుల కాయితం నా దగ్గర.
కలిస్తే దంచుతూనే ఉంటాను.
కలవకపోతే రోకలి ఆపుతాను.
మొన్న నలభై ప్రశ్నలకి పదిహేడుసార్లు ఆగింది.
పైవాటా ముసలాయన కిటికీలోంచి అరిచాడు:
"ఇవాళ పిల్లకి ఏమైంది?"

అయిపోయిన పనికి ఇంగ్లీషులో తోక ఉంటుందట.
మా మాటలకి తోకల్లేవు.
పక్కన నిన్న అని పెడితే నిన్నటిది,
రేపు అని పెడితే రేపటిది, వంట మాత్రం వంటే.
ఆ తోక ఒకచోట ట్ అంటుందట, ఒకచోట డ్,
ఇంకోచోట ఇడ్.
రాసేది ఒకటి, పలికేది ఒకటి.
బేరాల్లో నేను చేసే పనే కదా, అన్నాను.
నవ్వలేదు.

ఎలా తెలుస్తుందే మరి?
పీతనీళ్ళు కారుతున్న నా వేళ్ళు పట్టుకుని
తన గొంతు మీద ఆనించుకుంది.
తోకకి ముందు శబ్దం వణికితే డ్.
వణక్కపోతే ట్.
దాని గొంతు ముట్టుకుని ఎన్నేళ్ళయిందో.
రెండో తరగతిలో, గవదబిళ్ళలప్పుడు.
మళ్ళీ చెప్పు, అన్నాను,
అర్థమయ్యాక కూడా.

ఇరవైతొమ్మిది?
బి.
రోకలి ఆపాను.
బి, అంది మళ్ళీ.
ఇందులో ఏ అని ఉందే.
అయితే కాయితమే తప్పు.

అచ్చులో ఉన్నదాన్ని మా ఇంట్లో ఎవరూ తప్పనలేదు.
కరెంటు బిల్లుని అనలేదు. వార్డు ఆఫీసు నోటీసుని అనలేదు.
ఓడల యార్డు నుంచి వాళ్ళ నాన్న
మడతపెట్టి తెచ్చిన ఆఖరి కాయితాన్ని కూడా.
చదివాం, సంతకం పెట్టాం.
ఇది పద్నాలుగేళ్ళది, మోకాళ్ళు ముడుచుక్కూచుని
ఎందుకు తప్పో అరగంట చెప్పింది.
జరగనిదాన్ని జరిగుంటే అని ఎలా అనాలో
దానికేదో పద్ధతుందట.
ఒక్క ముక్క తలకెక్కలేదు. దాని మొహమే చూస్తున్నాను.
దంచిన పీత గిన్నెలో అలాగే ఉండిపోయింది.

మర్నాడు థోవా టీచరూ బి అందట.
బాల్‌పెన్ను వెతికి
నేనే ఏ కొట్టేసి పక్కన బి రాశాను.
ఇంగ్లీషులో ఇంతవరకూ నేను రాసింది అదొక్కటే.

పరీక్ష పొద్దున ఎర్రబొబ్బర్ల జిగురన్నం వండాను.
మాకు బొబ్బరిగింజకీ గట్టెక్కడానికీ ఒకటే మాట, దో.
అరటిపండు వారం నుంచి గడప తొక్కలేదు,
తొక్క మీద జారతామని.
ఇవన్నీ మూఢనమ్మకాలమ్మా, అంటూ
రెండోసారి పెట్టించుకుంది.

గేటు బయట తురాయిపూలు రాలి
బైకులకి వేలాడే హెల్మెట్లలో పడుతున్నాయి.
నిశ్శబ్దం అని బోర్డు పెట్టారు,
కీచురాళ్ళకి చదువు రాదు.
నా ఏప్రన్ జేబులో జవాబుల కాయితం,
దానికీ పీతల కంపే.
ఈపాటికి ఇరవైతొమ్మిది దాకా వచ్చుంటుంది.
లోపల రోకలి చప్పుడుండదు,
ఆగిందో లేదో దానికి తెలీదు.

పక్కన నించున్నావిడ అడిగింది:
మీ పిల్ల ఇంగ్లీషు బాగా చదివిందా?
చెప్పబోతూ
ఎందుకో గొంతు మీద వేళ్ళు పెట్టుకున్నాను.
వణుకుతోంది.

డ్, అన్నాను.