వినబడని ఈల

పాతికేండ్లకు మళ్ళ తెచ్చిండు దాన్ని బెంజమిన్ సార్,
కాజీపేట నుంచి ఆటోల, మోకాళ్ళ మీద పెట్టుకొని.
ముందర ట్రాన్సిస్టర్లు, ఎనుక వాల్వులు:
రెండు కాలాలు ఒక్క డబ్బాల కాపురం.

"పాట మంచిగనే వస్తది మొగిలీ.
కని పాట లేనప్పుడు గూడ రెండో వాల్వు ఎర్రగైతది.
ఊకె కూసున్నోనికి చెమటెందుకు?"

మండిబజార్ల నా దుకాణం షట్టర్ సగం దించి
చీకటి చేసి చూసిన.
నిజమే. గాజు లోపల రేకు
కొలిమిలకెల్లి అప్పుడే తీసిన కొడవలి తీరు.

ఇన్‌పుట్ మూసిన.
ఫీడ్‌బ్యాక్ తీగ ఊడదీసిన.
కెపాసిటర్లు రెండు మార్చిన, పాపం వాటి తప్పేం లేదు.
స్పీకర్‌కు చెవి ఆనిస్తే సప్పుడే లేదు.
సార్‌వి ముప్పైయేండ్లు ఇంజిను కూతలు తిన్న చెవులు,
నావి యాభై ఆరేండ్లవి.
ఇద్దరం తలకాయ ఊపినం.

అప్పుడొచ్చిండు అజ్గర్, పక్క హోటల్ పోరడు,
చాయ్ గ్లాసులు పట్టుకొని.
గడపల్నే ఆగిండు, పచ్చి చింతకాయ కొరికిన మొఖం.
"చాచా, ఆ ఈల బంద్ చెయ్యి."

ఏ ఈల?

వాణ్ణి స్టూలు మీద కూసోబెట్టిన.
చీపురుపుల్లతోని ఒక్కొక్క తీగను కదిలిచ్చుకుంట పోయిన,
మీటర్ పక్కకు వెట్టి
వాని కనుబొమ్మలు చూసుకుంట.
తెల్లది: ఏం లేదు. నల్లది: ఏం లేదు.
అవతల వాళ్ళ నాయిన పిలుస్తనే ఉన్నడు.
పచ్చది జరపంగనే
"సన్నగైంది చాచా... ఇంకా సన్నగ..."

గ్రిడ్ కాలు కాడ ఉండాల్సిన రెసిస్టర్ లేదు.
ఒట్టి తీగ అతికిచ్చి ఉన్నది.
ఎవడా అని అద్దం పెట్టి చూసిన.
సోల్డర్ బొట్టు గుండ్రంగ, అంచుకు చిన్న తోక.

నాదే.
తొంభై తొమ్మిదిల, దుకాణాలన్నీ మూసిన ఒక ఆదివారం.
రేపు మారుస్త అనుకున్న.
పాత వాల్వు ఓర్చుకున్నది ఇన్నేండ్లు.
పోయిన నెల సార్ వేసుకున్న కొత్తది ఓర్వలేదు.

పసుపు, ఊదా, ఎరుపు గీతల చిన్న గింజ,
రూపాయి గూడ కాదు దాని ధర,
పిన్నుకు ఆనిచ్చి అతికిన. తోక రాకుండ.
పచ్చ తీగను ట్రాన్స్‌ఫార్మర్‌కు జానెడు దూరం జరిపిన.

స్విచ్ వేసిన.
రేకు నల్లగనే ఉన్నది, ఐదు నిమిషాలు, పది.
నాకైతే ఇంతకుముందెంతో ఇప్పుడూ అంతే నిశ్శబ్దం.
అజ్గర్ దిక్కు చూసిన.
వాడు అప్పటికే గ్లాసులు ఏరుకుంటున్నడు.

"ఎంతియ్యాలె మొగిలీ?" సార్ పర్సు తీసిండు.

"పోరనికి చాయ్ పైసలియ్యి సార్."