ఆఖరి పంటు

నర్సాపురం రేవులో ఆఖరి పంటు.
నాలుగు స్కూటర్లు, ఐసు పెట్టెలో చందువాలు, రెండు మేకలు,
లేసు దారపు ఉండల సంచితో కెజియమ్మ గారు.
పొద్దు మేడల వెనక్కి దిగిపోయింది.
వశిష్ఠ నీళ్ళు సీసం రంగుకి తిరిగాయి.

సంచిలో ఎర్ర ఉండ ముందు నల్లబడింది.
నీలం ఉండ మాత్రం
ఎవరో ఊది రాజేసినట్టు తేరుకుంది.

పగలంతా నేను పాలకొల్లు కంటాసుపత్రిలో
అక్షరాల అట్ట ముందు మనుషుల్ని కూర్చోబెడతాను.
మా పుస్తకంలో శంకువులు పగటి కూలీలు,
రంగూ గీతా సూదిబెజ్జం వాటి పని.
దండాలు రాత్రి కాపలా, రంగు తెలీదు.
నడుమ గోడ కట్టినట్టే రాశారు.

గోడేం లేదు. గట్టుంది, గట్టులో తూముంది.
ఈ వేళప్పుడు
పగటివాళ్ళు ఇంకా కాళ్ళు కడుక్కోనేలేదు,
రాత్రివాళ్ళు కండువా దులుపుకుంటూ వచ్చేస్తారు.
దండం పట్టిన గుక్కెడు వెలుగు
తూము దాటి శంకువు బోదెలోకి పారుతుంది.
ఎవరి వంతు నీరో
శివారున ఉన్న మెదడు అడగదు.

అవతల సఖినేటిపల్లి రేవులో
ట్యూబులైటు టపటపా కొట్టుకుంటోంది.
చీకటి ముదిరేకొద్దీ నాకా అదురు తగ్గింది.
లైటు బాగుపడలేదు.
చీకటికి అలవాటుపడ్డ దండాలు
పక్కవాడి భుజం నొక్కి, కాస్త ఆగరా, అన్నాయంతే.

చుక్కాని దగ్గర మల్లాడి సత్తియ్య
ఇసకతిప్ప మీది వెదురు గుంజని వెతుకుతూ
దాని పక్కకి చూస్తున్నాడు.
"సూటిగా సూత్తే మాయమైపోద్దండి."
కంటి నడిబొడ్డున ఒక్క దండమూ ఉండదని
నేను పరీక్ష కోసం బట్టీపట్టాను.

"నీలం ఉండ పైనుందా, అడుగునుందా అమ్మాయీ?"
కెజియమ్మ గారి చెయ్యి సంచిలో తడుముతోంది.
నా కళ్ళకి అది దీపంలా ఉంది.
ఆవిడ కాగితాలు నిన్న నేనే ఫైల్లో పెట్టాను.
ముందు దండాలు పోతాయి.
రాత్రి కాపలా లేని ఊళ్ళో
పగటి కూలీలూ ఎన్నాళ్ళో నిలవరు.
డాక్టరు గారు సోమవారం చెప్తారు.

ఆవిడ వైపు సూటిగా చూడలేక
పక్కకి, నీళ్ళ మీదికి చూశాను.
అప్పుడు కనిపించాయి
దారం కొసలకి ముడులు.
ఎరుపుకి ఒకటి, నీలానికి రెండు.

"వద్దులే, దొరికింది.
కిందటేడు నుంచీ ఇంతేనే," అందావిడ
ముడుల్ని బొటనవేలితో లెక్కపెట్టుకుంటూ.

పంటు ఒడ్డుకి తగిలింది.
మేకలు ముందు దిగాయి.