మూడు వేళ్ళ నూనె

శనివారం పొద్దున్నే దండాసి
తువ్వాలు నడుముకి బిగించి
పొయ్యి దగ్గర్నుంచి నన్ను లేవమన్నాడు.
పదకొండేళ్ళు గ్రీకోళ్ళ సరుకోడలో గరిటె తిప్పి
నాలుగు నెలల జీతం అక్కడే ఒగ్గేసి
ఎడమ మోకాలు పాడుచేసుకుని
ఋషికుల్య మొగకి తిరిగొచ్చిన మనిషి.

లేచాను. గోడకి చేరబడి కూర్చున్నాను.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కార్తీకం. తాబేళ్ళొస్తాయని వేట బందు.
పడవలు ఇసకలో బోర్లా పడున్నాయి.
ఇంట్లో రేషను బియ్యం, సోలెడు మసూరు పప్పు,
గురువారం గంజాం బజార్లో కొన్న పావురొట్టి, ఈపాటికి రాయి,
పాదున ఆఖరి గుమ్మడి.
ఇంకా, అటక మీద ఒక సీసా.
అడుగున మూడు వేళ్ళ ఎత్తు ఆలివ్ నూనె.
సముద్రం తినేసిన పాతింటి పట్టా పక్కనే
దాచాడు దాన్ని.

"గ్రీకోళ్ళకీ ఉపాసాలున్నాయి, ఎరుగుదువా?
పెద్ద పండక్కి ముందు నలభై దినాలు
చేపా లేదు, మాంసం లేదు. పప్పూ ఆకూ నూనే.
స్తామాతిస్ నేర్పాడు, ముసలోడు. ఆళ్ళమ్మ వంట."
పప్పులో బిర్యానీ ఆకు, ఉల్లి, వెల్లుల్లి గర్భం గర్భమే.
కారం లేదు. పసుపు లేదు.
"ఫకేస్" అన్నాడు, కళ్ళు మూసుకుని ఆవిరి పీలుస్తూ.
"ఇది మన పప్పుచారే గదేటి,
తాలింపెయ్యడం మరిచినట్టున్నావు" అన్నాను.

గంటసేపు నాతో మాటల్లేవు.

ఎండ వాలాక కుంటుకుంటూ వెళ్ళి
ఉప్పుమడి గట్టున ఇలకూర గిల్లుకొచ్చాడు.
దానికి డబ్బక్కర్లేదు, ఉప్పూ అక్కర్లేదు,
సముద్రమే వేసి పెట్టింది.
ఉడకబెట్టి, నీళ్ళోడ్చి,
పులిసిన తాటికల్లు చిలకరించి
"హోర్తా" అన్నాడు.
నోట్లో పెట్టుకుంటే
కరువేడాది మా అమ్మ వండిన కూర.
ఆ మాట పైకనలేదు.
ఇంకొంచెం పెట్టమన్నాను.

ఆదివారం, మిగిలి గట్టిపడిన పప్పులో
నానబెట్టిన రొట్టి, గుమ్మడి కోరు పిసికి
పెనం మీద బిళ్ళలు కాలుస్తున్నాడు.
ఓవుకాయలు రెండు ఒళ్ళో వేసుకుని
పక్కింటి కుంతలా మాసీ వచ్చింది.
నెలంతా హబిష వ్రతం ఆవిడకి:
మసూరు కూడదు, ఉల్లి కూడదు,
మా ఇంట తినదగింది మంచినీళ్ళొక్కటే.
"ఆ సీసాలోది ఏం నూనె?"
"ఆలివ్, మాసీ."

మాసీ రెండడుగులు వెనక్కేసింది.
"రామ రామ! తాబేలు నూనా? కార్తీకంలోనా?"

ఆవిడ తప్పేముంది.
ఏటేటా ఫారెస్టోళ్ళు మైకులో అరిచేది
ఆలివ్ రిడ్లే, ఆలివ్ రిడ్లే అనే కదా.
మా రేవుకి తెలిసిన ఆలివ్
గుడ్లు పెట్టి పోయేదే.

చెట్టు కాయ అన్నాడు. గంగమ్మ మీద ఒట్టేశాడు.
ఓడ లంగరేసిన చోట కొండల నిండా
బూడిద రంగు ఆకుల చెట్లని చేతులూపి చూపించాడు.
మాసీ సీసా వాసన చూసింది,
వేలు తడుపుకుంది, వెలుతురుకేసి పట్టింది.
"ఇంత మంచి నూనె ఇంట పెట్టుకుని
కుంటుతూ తిరుగుతావేరా, బుద్ధిలేనోడా" అని
వంగి, అతని మోకాలికి రాసేసింది.

దండాసి మోకాలి వంక చూశాడు.
సీసా వంక చూశాడు.
మాసీ గుమ్మం దాటేదాకా ఆగి
రొట్టి ముక్కతో మోకాలు తుడిచి
నోట్లో వేసుకున్నాడు.