తువాళ్ల పిల్ల

ఇసకపల్లి టూరింగ్ టాకీసులో
పాత మంచుకొండల సినిమా.
కాళ్లకు చెక్కలు కట్టుకుని జారి
ఒకరిమీదొకరు పడి ప్రేమించుకున్నారు
మీగడరంగు మనుషులు.

మన రంగు పిల్ల ఒకతి
హోటలు గదిలోకి తువాళ్లు తెచ్చింది.
“ఇంకేమైనా కావాలా అమ్మా?” అంది.
తలుపు మూసుకుంది.

నేల టిక్కెట్టులో చెంచమ్మత్త
శుభం పడేదాకా ఆ తలుపునే చూసింది.
“యాడికి బోయింది మే ఆ పిల్ల?
దానికి జారను రాదా?”

తెల్లారి ఉప్పుకొటార్లో
పార పడేసి, గుట్టెక్కి,
గోతం పరుచుకుని కూచుంది.
అరికాళ్ల పగుళ్లలో ఉప్పు మండుతోంది.
మేస్త్రీ అరుస్తున్నాడు.
సర్రున
కిందికి.

ఆ పూట కూలి కోసేశారు.
నడుం పట్టుకుని నవ్వుతా అంది:
“మళ్లీ ఆ సినిమా వస్తే
ఆ పిల్లకు చెప్పు మే,
ఇదేం పెద్ద విద్దె గాదని.”