పన్నెండో కిటికీ

పుంటా అరేనాస్‌లో గాలికి ఎదురు నడవడం
బడికి వెళ్ళకముందే వచ్చేస్తుంది.
ప్లాను చదవడం నాకు ఇరవై ఆరో ఏట వచ్చింది.

గోడ గీత తెగిపోయినచోట గుమ్మం.
అక్కడ పావు చందమామ గీసి ఉంటే
రెక్క అటే తిరుగుతుందని.
సన్నగీతలు మూడు గోడలోపల పక్కపక్కన నడిస్తే కిటికీ.
ముందు ఉత్తరం బాణం వెతుకు, అంటాడు లాడిస్లావో,
ఎండ ఎటు, పడమటి గాలి ఎటు,
ఆ తర్వాతే పెన్సిలు.

ఎడువీనా ఒయార్సో ఇంటి కాగితాలు నిన్న వచ్చాయి.
తలుపు ఒకటో రకం: వెడల్పు తొంభై, ఎత్తు రెండు వందల పది.
చట్రానికి అటు రెండు పది, ఇటు రెండు పది, పైన తొంభై.
గడప లేదు, మూడు వైపులే.
ఐదు మీటర్ల పది, కోతలో పోయేదానికి ఇంకాస్త.
బందులు రెండు గీశారు, నేను మూడు రాసుకున్నాను.
దక్షిణపు గుమ్మానికి తూర్పున బందులు పెట్టి
బయటికి తెరిచాడు
శాంటియాగోలో కూర్చున్న కుర్రాడెవరో.
సెప్టెంబరు గాలికి ఆ తలుపు పక్కింటి రేకుల మీద ఉంటుంది.
ఎర్ర సిరాతో చందమామని ఇంట్లోకి తిప్పాను.

కిటికీలు పట్టికలో పదకొండు.
ప్లానులో వేలు పెట్టి లెక్కపెడితే పన్నెండు.
టీ తాగొచ్చి మళ్ళీ లెక్కపెట్టినా పన్నెండే.
వంటింటి మూల, పెన్సిలుతో, నంబరు లేకుండా ఒకటి.
నలభై బై నలభై. నేలనుంచి ఇరవై.
తొంభై రాయబోయి ఇరవై రాశారనుకుని ఫోను చేశాను.

"తప్పేం కాదు. కోర్చోకి," అంది ఎడువీనా.
"మా తమ్ముడి పడవ వచ్చే వేళకి
వీధి తలుపు దగ్గర అడ్డంగా నిలబడుతుంది,
చేతిలో చేపల తొట్టితో వాడు దానిమీద పడతాడు.
దాని కిటికీ దానికుంటే గొడవ లేదు."

సున్నా పాయింట్ పదహారు చదరపు మీటర్లు.
అర మీటరు లోపు కంతల్ని మేం గోడలోంచి తీసెయ్యం.
మేస్త్రీకి అక్కడ ఇటుకున్నట్టే కూలి,
రంగువాడికి రంగేసినట్టే.
నా లెక్కలో అది గోడ.
గాజు మాత్రం విడిగా రాయాలి.
'ఎందుకు' అనే గడిలో కుక్క అని రాశాను.
కొట్టేశాను.
మళ్ళీ రాశాను.

లాడిస్లావో అన్ని పేజీలూ తిప్పి
సంతకం దగ్గర ఆగి వెనక్కొచ్చాడు.
ఆ గడి మీద కలం పెట్టి,
ఒంటి గాజు వేశావేం, అన్నాడు,
రెండు పొరలు వెయ్యి,
చలంతా నేల దగ్గరే ఉంటుంది.