కట్టురాయి

గోడ ఒక్కసారిగా పడలేదు.
ముందు పొట్ట వచ్చింది.
గాలివాన రెండో రాత్రి
పెంకులు కాకుల్లా లేచి వంశధార మీదికి పోయాక
పైనుంచి నీళ్ళు దాని కడుపులోకి దిగాయి.
తెల్లారేసరికి
బుగతల నాటి ధాన్యం గోలా, పడమటి గోడ
ఎనిమిది మూరల మేర
మా మేకల మీద కక్కేసింది.

రెండు. ఒకటి సూడిది.

కాశీనగరం నుంచి సొసైటీ సెక్రటరీ గొమాంగో వచ్చాడు.
ఒడియాలో ఏదో రాసుకుని, తెలుగులో నిట్టూర్చి
"సిమెంటు పూసేస్తే సరి" అన్నాడు.
దండాసి మేస్త్రి తల గోక్కున్నాడు.
"పాత గోడ బాబూ, ఊపిరి తీసుకుంటాది.
సిమెంటు పూస్తే ముక్కు మూసినట్టే."
ఇంకో మాట కూడా అన్నాడు, ఊరంతా వందసార్లు విన్నదే:
"ఇది మా తాత కట్టినాది."
బస్సులో పోతున్నా సరే, కిటికీలోంచి చెయ్యి చాపి
పక్కవాడికి చూపించేవాడు.

నాకు రోజుకి మూడువందలు.
సున్నం దంచడం, నీళ్ళు మొయ్యడం,
పడ్డ రాళ్ళని ఏరి, మొకం చూసి పరచడం.
రాయికి మొకం ఉంటుందని
ఆ వారమే తెలిసింది నాకు:
ఒక పక్క ఎండావానలకి నల్లబడి,
మిగతా పక్కలన్నీ
నిన్న పగలగొట్టినంత ఎర్రగా.
నల్లటి వైపు పైకి పెట్టి
పడ్డ వరసలోనే పరిచాను గడ్డి మీద.
పడుకోబెట్టిన గోడ.
దాని మీద తొండ ఒకటి కాపురం పెట్టింది.

మూడో నాడు మిగిలిన వదులు విప్పుతుంటే
దండాసి చెయ్యి ఆగిపోయింది.
"గోడకి రెండు మొకాలు, ఒకటే పొట్ట.
ఈ మొకాన్నీ ఆ మొకాన్నీ పట్టుకోడానికి
మూరన్నరకో పొడుగురాయి అడ్డంగా దూర్చాల.
దాన్నే కట్టురాయంటారు" అని
పొద్దున్నే చెప్పాడు నాకు, పాఠంలా.
ఎనిమిది మూరల్లో
ఒక్కటి లేదు.
బంకమన్ను, నత్తగుల్లలు, తాటిమట్టలు,
కుండపెంకులు.
మూలరాయి మీద మాత్రం ఉలితో చెక్కిన చేప,
వాళ్ళ ఇంటి గుర్తు.

ఆ మధ్యాహ్నం అంబలి ముంత మూత తియ్యలేదు.
చుట్ట ఆర్పి, వెలిగించి, ఆర్పి
ఎవరితోనో వాదిస్తున్నట్టు మొదలెట్టాడు:
"కూలి ధాన్యం కొలిసేవోడు బుగత మనిసి.
కుంచానికి దొంగడుగు. మా అయ్య సెప్పేవోడు.
కుంచం తక్కువైతే
గోడా తక్కువే అవుద్ది గదా."
నేను సున్నం దంచుతూనే ఉన్నాను.
చేతులు మండుతున్నాయి.
చాలాసేపటికి, చిన్నగా:
"గోడకేటి తెలుసు,
ఎవుడి మీద పడాలో."

నా మేకల సంగతి నేనెత్తలేదు.
ఎత్తాల్సిన అవసరం లేకపోయింది.

మర్నాడు ఏటి అవతలి క్వారీ నుంచి
సొంత డబ్బుతో ట్రాక్టరు తెప్పించాడు.
పదకొండు పొడుగురాళ్ళు.
సెక్రటరీ లెక్కలో అవి లేవు. "ఎందుకివి?" అంటే
"పాతవి విరిగిపోనాయి బాబూ" అన్నాడు.
అబద్ధం ఆడుతున్నప్పుడు
నావైపు చూశాడు.
నేను తట్ట ఎత్తుకున్నాను.

కరక్కాయ నీళ్ళు, బెల్లం, ఇటుకపొడి.
తూకం గుండు వేలాడేసి
అది ఊగడం మానేదాకా మాటాడకుండా
రోజుకి రెండు వరసలే.
ఆపైన కడితే సున్నం అలుగుతుందట.
గడ్డి మీది రాళ్ళు ఒక్కొక్కటీ లేచి నిలబడ్డాయి
తమతమ నల్లటి మొకాలతో.
తొండ ఇల్లు ఖాళీ చేసింది.
పదకొండో కట్టురాయి దగ్గర ఆగి
"దీన్నెక్కడ పెట్టాల, నువ్వు సెప్పు" అన్నాడు.
మేకలు పడుకున్న చోటు చూపించాను, నడుమెత్తున.
అది కొంచెం పొడుగెక్కువ,
ఇవతలికి జానెడు మిగిలిపోయింది.
"చెక్కీమంటావా?"
"ఉండనీ."

సంతలో కొన్న పిల్లమేక తాడు
ఆ జానెడుకే కడుతున్నాను ఇప్పుడు.
గోడ ఇంకా పచ్చిగానే ఉంది. రాత్రిళ్ళు
చెయ్యి పెడితే చల్లగా,
లోపల్నించి ఏదో మెల్లగా ఆరుతున్నట్టు.
దండాసి అప్పుడప్పుడు బస్సులో పోతుంటాడు,
కిటికీ పక్కనే.
చెయ్యి మాత్రం బయటికి చాపడు.