అక్షరానికి రూపాయి

బేగంబజార్ల గిన్నెల మీద పేర్లు కొడత నేను.
ముప్పై ఒక్క ఏండ్లయింది.
కరెంటు సూది కిర్రుమంటది, స్టీలు సన్నగ ఏడుస్తది.
ఇంటిపేరు, అత్తగారి పేరు, పెండ్లి తారీఖు,
అక్షరానికి రూపాయి.
ఒత్తులకు పైసలు తీసుకోను.

గురువారం దుకాణం చిన్నోడికి అప్పజెప్పి
జుమ్మేరాత్ బజార్‌కు నడుస్త.
పాత తాళాలు, ఫ్యాను రెక్కలు, ఎవరివో కండ్లద్దాలు,
వాటి పక్కన గోనెపట్టా మీద సత్తార్ భాయ్ రికార్డులు.
'తవా' అంటడు వాటిని,
రొట్టెలు కాల్చేటివే అన్నట్టు.

మొదటిది కొన్నది పాట కోసం కాదు.
గీత కోసం.
నల్లటి పళ్లెం మీద ఎవరో సూదితోని
చెయ్యి లేపకుంట, అంచుల నుంచి నడిమి దాకా
ఒక్కటే గీత గీసిండు.
నాకు చేతగాదు అది.

దాని మీద ఆమె పేరు లేదు.
బ్యాండు పేరున్నది, బ్యాండు పెద్దమనిషి పేరున్నది.
కింద, ఎవరో పాడిండ్రని ఒక్క ముక్క.
సత్తార్ భాయ్ మనవరాలు చదివి చెప్పింది.
చానాసేపు బూరలే ఊదుతరు.
తర్వాత ఆమెకింత జాగ ఇస్తరు,
నిండిన బస్సుల సగం సీటు ఇచ్చినట్టు.
ఆమె కూసోదు.
కమ్మీ పట్టుకొని పాడి, దిగిపోతది.

మల్ల దొరికినదాని మీద పేరొచ్చింది, చీమతలకాయంత.
లీటా కార్వెల్.
తెలుగుల ఐదక్షరాలు. ఐదు రూపాయల మనిషి.

ఆ తర్వాతది పెద్ద తవా, రంగుల అట్ట.
మెడల ముత్యాలు, వెనక వయొలిన్ల మంద.
ఇంటిపేరు తీసేసిండ్రు. ఉత్త 'లీటా',
జానెడు అక్షరాలు.
పేరు పెరిగితే అక్షరాలు తగ్గుతయని
నాకప్పుడే ఎరుకైంది.
అట్ట వెనక బొల్లారం క్లబ్బు ముద్ర,
పెన్సిలుతోని 'ఫిలిస్ తీసుకున్నది, సోమవారం ఇస్తది'.
ఏ సోమవారమో.

ఇంగ్లీషు నాకు రాదు.
కానీ నవ్వుకుంట పాడుతున్నదో, నవ్వుమంటే పాడుతున్నదో
వింటే తెలుస్తది.
ఒకటి ఫ్రిజ్ కొన్నోళ్లకు ఉత్తగ ఇచ్చిన రికార్డట,
నాలుగే పాటలు.
అండ్ల గొంతు చల్లగనే ఉన్నది, ఏం తప్పు లేదు,
తలుపు తీస్తే లైటు వెలిగినట్టు పాడింది.
నేను రెండుసార్లు విని పక్కన పెట్టిన.

ఆఖరిది ఏదో చిన్న కంపెనీది.
పేరు మల్ల నిండుగ రాసిండ్రు, మరిచినోళ్ల కోసం.
చివర రెండు 'ఎల్'లు ఉండాల్నట. ఒక్కటే పడ్డది.
కొట్టినోడు పొద్దుగూకినంక కొట్టి ఉంటడు.
నాకు తెల్వదా.

వయొలిన్లు లేవు. బూరలు లేవు. ఒక్క పియానో.
ఆమె పైకి ఎక్కబోయింది,
అందలేదు.
ఆగింది. ఎవరో కాయితం తిప్పిన చప్పుడు.
ఊపిరి తీసుకొని, కింది మెట్టు నుంచే మల్ల మొదలుపెట్టింది.
అది కోసెయ్యలే. అట్లనే ఉంచిండ్రు.

స్టీలు మీద తప్పు పడితే చెరిపేది ఉండదు.
రెండు రెక్కలు గీసి పువ్వు చేస్తం,
గిరాకీ మురుస్తడు.
ఆమె పువ్వు సుత చెయ్యలే.

ఆ రాత్రి మిషన్ ఇంటికి తెచ్చుకున్న.
అందరి పేర్లు కొట్టిన చెయ్యి,
మా ఇంట్ల గిన్నెల మీద పేర్లే లేవు.
పప్పు గిన్నె అంచు మీద, చెయ్యి లేపకుంట కొట్టాలని చూసిన,
'ర్వె' కాడ లేచింది.
పైసలెవరిస్తరు, ఎవరడుగుతరు.

పొద్దుగాల మా బాలామణి ఆ గిన్నె కడుక్కుంట
అంచు మీద వేలు పెట్టి కూడబలుక్కున్నది.
"మైసమ్మ బోనాలప్పుడు తారుమారైనట్టున్నది,
ఎవరిదో గిన్నె మనింట్లకొచ్చింది.
పాపం ఎంత దేవులాడుతున్నదో ఏమో,
ఇల్లెక్కడనో కనుక్కొని
ఇచ్చిరా పో."